చుక్కల చోట చప్పుడు

కంటికి ఆపరేషన్ చేసి, ఊడిన రెటీనా అతుక్కోవడానికి లోపల గాలిబుడగ పెట్టి ఇంటికి పంపారు. పది రోజులు బోర్లా పడుకోవాలి, తల ఎత్తకూడదు, అక్షరం ముట్టకూడదు. పుస్తకం లేనిదే నిద్రపట్టని వాణ్ణి. మంచం చివర తల వాల్చి గచ్చు మీద గళ్ళు లెక్కపెట్టుకుంటూ రెండు రోజులు గడిపాను. మూడో రోజు పొద్దున మా మేనకోడలు వచ్చింది. కాలేజీకి సెలవులట. “ఏం చదవమంటావు మామయ్యా?” అంది.

ట్రంకుపెట్టె తెరవమన్నాను. మా నాన్న దాచిన పాత పత్రికలు ఉన్నాయి అందులో. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1924లో మద్రాసులో మొదలుపెట్టిన ‘భారతి’ సంచికలు కొన్ని, శాసనాల మీదా పాత ఊళ్ళ మీదా ఎక్కడెక్కడో వచ్చిన వ్యాసాలు కత్తిరించి దారంతో కుట్టిన కట్టలు కొన్ని. మల్లంపల్లి సోమశేఖరశర్మగారు, నేలటూరి వెంకటరమణయ్యగారు వంటి పెద్దలు చరిత్రను తెలుగులో, పత్రిక కొనుక్కునే మామూలు చదువరి కోసం రాసిన కాలం అది. వాళ్ళకు మనం ఎంత రుణపడ్డామో చెప్పడం నాకు చేతకాదు. ఆ కట్టలన్నీ చిన్నప్పటినుంచి ఎరిగినవే. చదివేశాననే అనుకునేవాణ్ణి.

పిల్లది ఇంగ్లీషు మీడియం. తెలుగు వచ్చు గాని, వరస కింద వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదువుతుంది. మొదటి పేరాలోనే “శా.శ. 1166” దగ్గర ఆగిపోయింది. శాలివాహన శకం, డెబ్బై ఎనిమిది కలుపుకో అన్నాను. “అంటే 1244. క్రోధి సంవత్సరం. మొన్న 2024 ఉగాదికి వచ్చింది కూడా క్రోధే కదా మామయ్యా!” అంది. అవును మరి, అరవయ్యేసి ఏళ్ళ చొప్పున పదమూడు చుట్లు తిరిగి వచ్చింది. ఆ అంకె నేను ఎన్నిసార్లు చూశానో. శుభలేఖ మీద సంవత్సరం పేరు చదివినంత దగ్గరగా అది నాకు వినిపించడం మాత్రం అదే మొదలు.

ఆ వ్యాసం మోటుపల్లి గురించి. ఇప్పటి బాపట్ల జిల్లాలో చినగంజాం దగ్గర సముద్రపు ఒడ్డున ఉన్న పల్లె. కాకతి గణపతిదేవుడి కాలంలో పెద్ద రేవు. అక్కడి వీరభద్రస్వామి గుడి దగ్గర స్తంభం మీద ఆయన వేయించిన అభయశాసనం ఉంది. తుపానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని సరుకంతా అంతకు ముందు రాజులు లాగేసుకునేవారట. ఏనుగులు, గుర్రాలు, బంగారం, రత్నాలు, ఏదీ వదలకుండా. ప్రాణం కన్నా ధనమే ఎక్కువనుకుని సముద్రానికి ఎదురెళ్ళిన ఈ మనుషుల మీద దయతో, తాను కట్టుబడి సుంకం మాత్రమే తీసుకుని తక్కినదంతా వాళ్ళకే వదిలేస్తున్నానంటాడు గణపతిదేవుడు. వందేళ్ళు దాటాక, 1358లో, రెడ్డిరాజు అనపోతారెడ్డి మళ్ళీ అదే రేవులో వర్తకులకు అభయమిచ్చాడు.

ఇంతవరకూ నాకు తెలిసిందే. తరవాత సుంకాల పట్టీ వస్తుంది. ఏళ్ళ తరబడి నా కన్ను దాన్ని చూడగానే, ‘ఓహో, పట్టీ’ అనుకుని కింది పేరాలోకి దూకేసేది. గొంతుకు ఆ దూకడం చేతకాదు. పిల్ల ఒక్కొక్కటే చదివింది. చందనం. కర్పూరం. చీనీ కర్పూరం. పన్నీరు. దంతం. ముత్యాలు. పగడాలు. రాగి. పట్టునూలు. మిరియాలు. పోకలు. ఒక్కో పేరుకీ మధ్య వేలు ముందుకు జరిగేంత ఎడం. ఆ ఎడంలో నాకు రేవు కనిపించింది, మూటలు దించే చప్పుడు వినిపించింది. “పన్నీరంటే పెళ్ళిలో చల్లేదే కదా? అదీ ఓడ మీదే వచ్చేదా?” అంది పిల్ల. నాకు ఎన్నడూ తట్టని ప్రశ్న.

ఆ రోజు నుంచి నేను దాటేసిన చోట్లన్నీ వెతికి చదివించుకున్నాను. రాగిరేకుల మీద దానశాసనాలు చాలావాటిలో రాజు పొగడ్తంతా సంస్కృతం. సమాసం మీద సమాసం, ఊపిరి తీసుకునే సందు ఉండదు. పొలం ఎల్లలు చెప్పవలసి వచ్చేసరికి మాత్రం భాష ఒక్కసారిగా తెలుగులోకి దిగుతుంది. తూర్పున చింత, దక్షిణాన పుట్ట, పడమట గుంట, ఉత్తరాన బాట. గట్టు తగాదా వస్తే ఊరివాళ్ళకు అర్థం కావాలి కదా. అచ్చులో ఆ మలుపు నా కంటికి ఎప్పుడూ ఆనలేదు. సంస్కృతం దగ్గర గసపెట్టిన పిల్ల గొంతు చింతచెట్టు దగ్గరికి వచ్చేసరికి తేలికపడింది. చెవి వెంటనే పట్టుకుంది.

అన్నీ చెవికి లొంగుతాయని అనను. వంశవృక్షాలు వినడం వృథా. అధోజ్ఞాపికలు సరే, పటాలు సరే, కన్ను ఉండాల్సిందే.

చందుపట్ల శాసనం విన్న మధ్యాహ్నం బాగా గుర్తుంది. నల్లగొండ జిల్లాలో, నకిరేకల్ దగ్గర ఊరు. రుద్రమదేవి 1295 ప్రాంతం దాకా ఏలిందని అంతకు ముందు చరిత్రకారులు రాసేవారు. ఆ శాసనం బయటపడ్డాక, 1289 నవంబరు 27 నాటికే ఆమె, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు కన్నుమూశారని తెలిసింది. చదివినప్పుడల్లా నేను పట్టుకున్నది ఆ తేదీనే. వాళ్ళిద్దరికీ శివలోకప్రాప్తి కలగాలని స్వామికి భూమి ఇచ్చినవాడి పేరు ఈసారి చెవిన పడింది. పువ్వుల ముమ్మడి. “ఎంత బావుంది పేరు!” అని పిల్ల రెండోసారి చదివింది. రాణి పోయిందన్న మాట మనదాకా చేర్చినవాడు అతనే. ఇన్నేళ్ళూ అతని పేరు మీదుగా నడిచిపోయాను.

శాసనపాఠాల్లో చెరిగిన అక్షరాల చోట చుక్కలు పెడతారు. మొదట్లో పిల్ల వాటిని వదిలేసి ముందుకు వెళ్ళేది. మాట అతకక, ఏమైందని అడిగితే, “ఏం లేదు మామయ్యా, చుక్కలు” అంది. అవి కూడా చదవమన్నాను. ఎలా చదవాలో ఇద్దరికీ తెలియలేదు. చివరికి ఒక్కో చుక్కకి ఒక్కోసారి మంచం పట్టెమీద వేలితో తట్టమన్నాను. ఫోనులో చదివిపెట్టే యంత్రం ఆ చుక్కల దగ్గర ఆగదు, తరవాత నేను పెట్టి చూశాను.

పదో రోజు సాయంత్రం చదివింది ఒక గుడిలోని అఖండదీపాల శాసనం. ఎవరో పుణ్యాత్ములు గొర్రెల మందనిచ్చారు. వాటిని తోలుకెళ్ళి మేపుకుంటూ, దీపానికి రోజూ కొలత నెయ్యి తెచ్చి పోయవలసినవాళ్ళు బోయలు. తాము, తమ కొడుకులు, మనవలు, సూర్యచంద్రులున్నంత కాలం. దాత పేరు, ఇంటిపేరు, బిరుదులు చెక్కుచెదరకుండా ఉన్నాయి. కాపరుల పేర్ల దగ్గరికి వచ్చేసరికి రాయి పెచ్చులూడినట్టుంది. పిల్ల ఆగింది. పట్టెమీద ఒకటి, రెండు, మూడు, నాలుగు అని తట్టింది. తట్టి, “బోయ” అంది.

“మళ్ళీ చదువమ్మా” అన్నాను.

నాలుగుసార్లు తట్టి, బోయ అంది.