ట్యాంకరు వెనుక బోర్డు

రోడ్డు మీద పెట్రోలు ట్యాంకరు వెళుతుంటే దాని వెనుకా, రెండు పక్కలా ఒక బోర్డు కనబడుతుంది. అందులో నాలుగు అంకెలు, ఎర్రటి డైమండ్ గుర్తు, ఆ గుర్తులో మంట బొమ్మ, కొన్ని ఫోన్ నంబర్లు ఉంటాయి. తమ్ముళ్ళూ, మీలో చాలామంది బస్సు కిటికీలోంచి దాన్ని చూసే ఉంటారు. చదివినవాళ్ళు మాత్రం తక్కువే. ఇప్పుడు నేను తోలే బండికి ఆ బోర్డు ఉంది. వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ గారు ఫోన్ చేసినప్పుడు, "టీచర్లయినవాళ్ళూ, ఆఫీసర్లయినవాళ్ళూ రాస్తారు గానీ డ్రైవరు ఏం రాస్తాడు సార్" అన్నాను. "నువ్వు పాసైన పరీక్ష గురించి రాయి" అన్నారు.

నేను మన హాస్టల్లో ఆరు నుంచి పది వరకు చదివాను. ఇంటర్ పూర్తయ్యేసరికి నాన్నకు నడుం నొప్పి పట్టుకుని కూలికి పోలేని పరిస్థితి వచ్చింది. డిగ్రీ సంగతి తర్వాత చూద్దామనుకున్నాం. మా వాడలో వరసకు బాబాయ్ అయ్యే ఒకాయన కొండపల్లిలో ఆయిల్ ట్యాంకరు తోలేవాడు. ఆయన బండి మీద క్లీనరుగా ఎక్కాను. ముందు కారు లైసెన్సు, అది చేతికొచ్చి ఏడాది నిండాక, ఇరవై ఏళ్ళు దాటాక పెద్ద బండి లైసెన్సు తీసుకున్నాను. ఇక స్టీరింగు నాదేననుకుంటుంటే బాబాయ్ నవ్వాడు. "ఇసుక లారీ తోలుకోవచ్చురా. టెర్మినల్ గేటు దాటాలంటే మాత్రం హజార్డస్ ఉండాలి."

హజార్డస్ అని మేమంతా పిలిచేది లైసెన్సు మీద వేసే ఒక అనుమతి. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో తొమ్మిదో నిబంధన దాని గురించే. ప్రమాదకరమైన సరుకు మోసే బండి తోలేవాడికి రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని భాషల్లో ఒకటి, దాంతోపాటు ఇంగ్లీషు చదవడం, రాయడం రావాలి. గుర్తింపు ఉన్న సంస్థలో మూడు రోజుల శిక్షణ పొంది సర్టిఫికెట్ తేవాలి. నేను వెళ్ళిన 2014లో ఆ అనుమతి ఒక్క ఏడాదికే చెల్లేది. ఏటా ఒక రోజు శిక్షణకు కూర్చుని మళ్ళీ పొడిగించుకోవాలి.

శిక్షణకు వెళ్ళేలోపే చదువుకుని వెళ్దామని ఒక ఎనభై పేజీల నోటుబుక్కు కొన్నాను. టెర్మినల్ బయట బండ్లు వరసలో ఆగి ఉండేవి. లోడు వంతు మర్నాటికి గానీ రాదు. రాత్రి తొమ్మిదికి అందరూ తిని బండ్ల కింద చాపలు పరుచుకునే వేళ నేను దాబా లైటు కింద పుస్తకం తెరిచేవాణ్ణి. మన హాస్టల్ స్టడీ అవర్ అలవాటు అలా ఉండిపోయింది. మొదట్లో వేళాకోళం చేసినవాళ్ళే వారం తిరిగేసరికి పక్కన చేరారు.

తీరా చూస్తే పాఠాలన్నీ ఎనిమిదో తరగతి, తొమ్మిదో తరగతి సైన్సులో ఉన్నవే! బోరింగు దగ్గర బకెట్టు నిండా నీళ్ళు పట్టుకుని గదికి మోసుకెళ్ళేవాళ్ళం కదా. సగం బకెట్టే ఎక్కువ ఊగుతుంది, కాళ్ళ మీద చిందేది అదే. ట్యాంకరులోనూ అంతే. సగం నిండిన గదిలో నూనె ముందుకూ వెనక్కూ కొడుతుంది. బ్రేకు వేస్తే బండి ఆగినా లోపలి సరుకు ఆగదు, వెనకనుంచి నెట్టినట్టు వచ్చి తాకుతుంది. మలుపులో అయితే పక్కకు గుంజుతుంది. అందుకే ట్యాంకును గదులుగా విడగొట్టి, లోపల అడ్డ పలకలు పెడతారు. జడత్వం నిర్వచనం పదిసార్లు రాయించిన మా సైన్సు మాస్టారు ఈ మాట చెప్పి ఉంటే ఒక్కసారితో వచ్చేది.

అలాగే మూత అంచుదాకా ఎందుకు నింపరు? పెట్రోలు ఒక డిగ్రీ వేడెక్కితే వెయ్యి లీటర్లకు ఇంచుమించు ఒక లీటరు పెరుగుతుంది. 12,000 లీటర్ల బండి ఎండలో 10 డిగ్రీలు వేడెక్కిందనుకోండి, 120 లీటర్లు ఎక్కడికి పోవాలి? దానికోసం పైన ఖాళీ వదులుతారు. బంకులో దించేటప్పుడు మూత తీయకముందే ఎర్తు వైరు తగిలించాలి, అన్నీ అయ్యాక చివరగా దాన్ని తీయాలి. గొట్టంలో పెట్రోలు పారుతుంటే స్థిర విద్యుత్తు పుడుతుంది. దువ్వెన తలకు రుద్ది కాగితం ముక్కలు లేపి ఆడుకున్న విద్యుత్తే ఇది. ఇక్కడ ఒక్క రవ్వ చాలు.

అన్నిటికన్నా నన్ను ఆశ్చర్యపరిచింది ఖాళీ బండి సంగతి. మండేది పెట్రోలు కాదు, దాని ఆవిరి. అది కూడా గాలిలో సుమారు ఒకటిన్నర శాతం నుంచి ఏడున్నర శాతం దాకా కలిసినప్పుడే మండుతుంది. నిండు ట్యాంకులో గాలికి చోటెక్కడిది? దించేసిన ట్యాంకులో ఆవిరీ ఉంటుంది, గాలీ ఉంటుంది. ఆ ఆవిరి గాలికన్నా మూడు నాలుగు రెట్లు బరువు, కనుక పైకి పోదు, కాలువల్లోకీ గుంటల్లోకీ పాకుతుంది. ఖాళీ బండికి వెల్డింగు పెట్టించాలంటే లోపల ఆవిరి లేదని పరీక్షించిన సర్టిఫికెట్ ఉండాలన్నది ఇందుకే. "ఖాళీ బండేగా" అని బీడీ ముట్టించుకునే క్లీనర్లను నేను చూశాను. వాళ్ళకు ధైర్యమేమీ ఎక్కువ లేదు. చెప్పినవాళ్ళు లేరు, అంతే.

ఇక బోర్డు సంగతి. 1203 అంటే పెట్రోలు, 1202 డీజిలు, 1223 కిరోసిన్, 1075 వంటగ్యాసు. ఐక్యరాజ్యసమితి పెట్టిన నంబర్లివి, ఏ దేశంలోనైనా ఒకటే. పైన 3 వై ఇ అని ఉంటుంది. 3 అంటే నీళ్ళు కాదు, నురుగు కొట్టాలని. చివరి ఇ అంటే చుట్టుపక్కల జనాన్ని ఖాళీ చేయించే ఆలోచన చేయాలని. డైమండ్ గుర్తు ప్రతి పక్కా కనీసం 250 మిల్లీమీటర్లుండాలి. ఇవి కాక డ్రైవరు క్యాబిన్లో ట్రెమ్ కార్డు ఉండాలి. సరుకు కారితే, అంటుకుంటే, కంట్లో పడితే ఏం చేయాలో దాని మీద ఉంటుంది.

బాబాయ్‌కి ఇవన్నీ చేతితో వచ్చు. వాసన చూసి ఏ గది మూత వదులైందో చెప్పేవాడు. ఘాటు రోడ్డులో ఏ గేరులో దిగాలో ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఆయనకు రానిది ఇంగ్లీషు. తెలుగు కూడబలుక్కుని చదివేవాడు. ఎప్పుడైనా బోర్డు మాటెత్తితే, "అది నాకోసం కాదురా, ఫైరింజను వాళ్ళకోసం" అనేవాడు. ఆ ఏడాది మాత్రం పొడిగింపుకు వచ్చేవాళ్ళు ఇంగ్లీషు చదివి చూపించాలన్న మాట యార్డంతా పాకింది. చదవలేకపోతే బండి దిగాలి. ఆయనకప్పుడు యాభై దాటాయి, చిన్నమ్మాయి ఇంటర్. బండి దిగితే మళ్ళీ పొలం పనే. రెండు రోజులు ఏమీ మాట్లాడలేదు. మూడో రాత్రి వచ్చి నా నోటుబుక్కు పక్కన కూర్చుని, "ఏ నుంచి మొదలెట్టమంటావా?" అన్నాడు.

ఏ నుంచి మొదలుపెట్టలేదు. బోర్డు మీదున్న మాటలతోనే మొదలుపెట్టాం. డేంజర్, పెట్రోల్, పోలీస్, ఫైర్, నో స్మోకింగ్. ఒక్కో మాటలోని అక్షరాలు విడదీసి, వాటితోనే ఇంకో మాట కట్టేవాళ్ళం. బండి నడుస్తుంటే ఎదురొచ్చిన లారీల మీద మాటలు పైకి చదివేవాడు. హారన్ ఓకే ప్లీజ్ వచ్చిన రోజు టీ ఇప్పించాడు.

చిక్కంతా ఇన్‌ఫ్లేమబుల్ దగ్గర వచ్చింది. "కరెక్టుకు ముందు ఇన్ పెడితే కరెక్టు కాదని మొన్న చెప్పావు. మరి దీనికీ ముందు ఇన్ ఉందిగా. అంటే అంటుకోదనా? పెట్రోలు బండి మీద ఇలా రాశారేంటి?" నేను తడుముకోలేదు గానీ డిక్షనరీ తెరవక తప్పలేదు. పదో తరగతి వీడ్కోలు నాడు మన హాస్టల్లో బహుమతిగా ఇచ్చినదే అది. ఫ్లేమబుల్ అన్నా, ఇన్‌ఫ్లేమబుల్ అన్నా తేలిగ్గా అంటుకునేదనే అర్థం. "ఇంగ్లీషోడికి ఇంత బుద్ధి లేదేమిట్రా" అని బాబాయ్ రాత్రంతా నవ్వుతూనే ఉన్నాడు.

శిక్షణలో నా మూడో రోజూ, ఆయన ఒక రోజు శిక్షణా ఒకే నాడు పడ్డాయి. హాల్లో నలభై మంది దాకా ఉన్నాం. సంతకం పెట్టి టీ కొట్టు దగ్గర కాలక్షేపం చేసేవాళ్ళు అక్కడా ఉన్నారు. వాళ్ళ జేబుల్లోనూ సర్టిఫికెట్ ఉంటుంది, వాళ్ళ బండ్లూ మన ఊళ్ళ మధ్యనుంచే పోతాయి. దీని గురించి ఎక్కువ రాస్తే వార్డెన్ గారు కొట్టేస్తారు.

శిక్షకుడు 2012 ఆగస్టు 27 రాత్రి కేరళలో కన్నూరు దగ్గర చాలాలో జరిగింది చెప్పాడు. వంటగ్యాసు ట్యాంకరు బోల్తాపడి, గ్యాసు ఇళ్ళలోకి పాకి అంటుకుంది. ఇరవై మంది పోయారు. ద్రవంగా ఉన్న గ్యాసు బయటికొస్తే ఇంచుమించు 250 రెట్లు విస్తరిస్తుందని బోర్డు మీద లెక్క వేసి చూపించాడు. హాలు నిశ్శబ్దమైపోయింది. ఆ తర్వాత 2017లో పాకిస్తాన్‌లో అహ్మద్‌పూర్ ఈస్ట్ దగ్గర పెట్రోలు ట్యాంకరు బోల్తాపడితే, కారిన పెట్రోలు పట్టుకుందామని బిందెలతో, డబ్బాలతో జనం వచ్చారు. రెండు వందల మందికి పైగా చనిపోయారు. ఆ వార్త చదివినప్పుడు మా ఊరే కళ్ళ ముందు కనబడింది. మన దగ్గర బండి బోల్తాపడితే బిందెలతో రామా? బతికి ఉంటే డ్రైవరు మొదట చేయాల్సింది ఇంజను, బ్యాటరీ స్విచ్ ఆపి జనాన్ని దూరంగా, గాలి వచ్చే వైపుకు పంపడం. తర్వాత పోలీసుకూ, ఫైరుకూ, యజమానికీ కబురు. జనం తిడతారు. తిట్టనివ్వాలి.

నా కాగితం మీద ఇరవై ప్రశ్నలు. అరగంటలో రాసిచ్చాను. బాబాయ్‌ని నిలబెట్టి ట్రెమ్ కార్డు చేతికిచ్చారు. అద్దాలు సర్దుకుని వేలు పెట్టి చదివాడు. పెట్రోల్. వన్ టూ జీరో త్రీ. హైలీ, కాసేపాగి, ఇన్‌ఫ్లేమబుల్. "అంటే?" అన్నాడు శిక్షకుడు. "అంటుకోదనుకునేరు సార్, అంటుకుంటుంది" అన్నాడు బాబాయ్. హాలంతా నవ్వింది. ఆయన నవ్వలేదు, కార్డులో తర్వాతి మాట చదవడం మొదలుపెట్టాడు.

ఇద్దరం పాసయ్యాం. ఆయన ఇంకో అయిదేళ్ళు తోలి బండి దిగాడు, అదీ తన ఇష్టంతోనే. 2019లో చట్టం మారి ఈ అనుమతి మూడేళ్ళకు చెల్లుబాటవుతోంది. ఒక రోజు బత్తా మిగులుతుందని అందరూ సంతోషించారు. నాకు మాత్రం ఏటా ఒక రోజు కూర్చోవడమే మేలనిపిస్తుంది, మనిషి మరిచిపోయే జీవి. అదే ఏడాది లారీ లైసెన్సుకు ఎనిమిదో తరగతి చదివి ఉండాలన్న నిబంధన కూడా తీసేశారు. అది మంచిదే, చేయి తిరిగినవాడు కాగితం లేక ఆగిపోకూడదు. హజార్డస్‌కు చదవడం, రాయడం రావాలన్నది మాత్రం ఉండాల్సిందే.

మన హాస్టల్లో చదివి వెళ్ళిన ఒక అబ్బాయి ఇప్పుడు నా బండి మీద క్లీనరు. వచ్చే ఏడు పెద్ద లైసెన్సుకు వెళతాడు. మీలో ఇంకెవరికైనా ఈ దారి పనికొస్తుందేమోనని ఆ నోటుబుక్కు వార్డెన్ గారికిచ్చాను, లైబ్రరీ బీరువాలో ఉంటుంది. ముందు అరవై పేజీలు నా రాత. చివరి ఇరవై పేజీల్లో పెద్ద పెద్ద అక్షరాలతో, కొన్ని చోట్ల జి తిరగబడి, డేంజర్ అని రాసి ఉన్నది బాబాయ్ రాత.