మడి కట్టుకున్న మదుపు

పదవీ విరమణానంతరం చేతికందిన ధనాన్ని ఎక్కడ నిలపాలన్నది నాకు కేవలం ఆర్థిక ప్రశ్న కాదు. ఆ ధనం చివరకు నా మనుమలకు చేరవలసినది. వారు పీల్చవలసిన వాయువును కలుషితం చేసి పెరిగిన సంపదను వారికే కానుకగా ఇవ్వడానికి నా అంతఃకరణం సమ్మతించలేదు. కనుక పర్యావరణహితమని పేరుపడిన మదుపు పథకాల వల్ల యథార్థంగా లోకహితం జరుగుతుందా అని విచారించాను.

ఈ విచారణలో రెండు ప్రయోజనాలను వేరుచేసి చూడాలి. మొదటిది మదుపరి చిత్తశాంతి, రెండవది పొగ తగ్గడం. బొగ్గు కంపెనీ షేరును నేను స్టాక్ మార్కెట్లో అమ్మితే మరొకరు కొంటారు. ఆ కంపెనీ ఖజానాలో ఒక్క రూపాయి కూడా తరగదు. గని యథాతథంగా నడుస్తుంది. అసంఖ్యాకులు ఏకకాలంలో విముఖులైతే దానికి కొత్త మూలధనం ప్రియం కావచ్చును గాని, ఒక్కడి వైముఖ్యం వల్ల మారేది యజమాని పేరే.

ఫలానికి అవకాశం ఉన్నది రెండు చోట్ల. ఒకటి, కొత్త ధనం నేరుగా కార్యానికి చేరే చోటు. 2023 జనవరిలో భారత ప్రభుత్వం తొలి విడతగా 8,000 కోట్ల రూపాయల సార్వభౌమ హరిత బాండ్లను విక్రయించింది. ఆ ధనాన్ని సౌర, పవన విద్యుత్తు వంటి పనులకే వినియోగించాలన్నది నియమం. రిజర్వు బ్యాంకు రిటైల్ డైరెక్ట్ ద్వారా సామాన్యులూ వీటిని కొనవచ్చు. అయితే ఈ బాండ్లు లేకున్నా ఆ పనులు జరిగేవేమో అన్న శంక నిలిచే ఉంటుంది.

రెండవది ఓటు. 2021లో ఎక్సాన్ మొబిల్‌లో సుమారు 0.02 శాతం వాటా మాత్రమే కలిగిన ఇంజిన్ నంబర్ వన్ అనే చిన్న సంస్థ, పెద్ద మదుపు సంస్థలను ఒప్పించి తాను ప్రతిపాదించిన ముగ్గురిని డైరెక్టర్లుగా గెలిపించింది. అయినా 2023లో ఎక్సాన్ పయొనీర్ అనే చమురు సంస్థను సుమారు 6,000 కోట్ల డాలర్లకు కొనడానికి ఒప్పందం చేసుకుంది. ఓటుకు బలమున్నది, కాని ఒక్క విజయంతో ఆగితే ఆ బలం చాలదు.

షేరు అమ్మి దూరంగా నిలబడటం మడి వంటిది. ఆచరించినవారికి అది శౌచాన్ని ఇస్తుంది. దానిని నేను తక్కువ చేయను. కాని వంటింటి పొగ దానివల్ల తగ్గదు. అందుచేత కొంత ధనాన్ని హరిత బాండ్లలో నిలిపాను. మిగిలినదానికి నిధిని ఎంచుకునేటప్పుడు దాని పేరును గాక, కంపెనీల సమావేశాలలో అది ఏ పక్షాన ఓటు వేసిందో పరిశీలించాను. మ్యూచువల్ ఫండ్లు ఆ వివరాలను వెల్లడించాలని సెబీ నియమం. అవి అందరికీ లభ్యమే. చదవడానికి ఒక సాయంకాలం చాలు.