పెరట్లో తంగేడు

తంగేడు పూలు లేకుండా బతుకమ్మ పేర్చలేం కదా! మా ఆత్మకూర్ చుట్టూ చెలకలన్నీ ప్లాట్లవుతుంటే, ఆ పూల కోసం ఏటేటా ఇంకాస్త దూరం పోవాల్సి వస్తోంది. అందుకే పెరట్లోనే పెంచుతున్నా.

గింజ పెంకు గట్టిది. గరుకు రాయి మీద కాస్త రుద్ది, రాత్రంతా నానబెట్టి నాటాలి. రోజంతా ఎండ తగలాలి, నీళ్లు నిలవకూడదు. వేళ్లూనుకున్నాక వానలే చాలు.

కసివింద కూడా పసుపుపచ్చగానే పూస్తుంది. కానీ దాని ఆకు కొస మొనదేలి ఉంటుంది, నలిపితే చెడు వాసన. తంగేడు ఆకు కొస గుండ్రం. కాడ మొదట్లో చెవుల్లాంటి చిన్నాకులుంటాయి.

2014లో రాష్ట్ర పుష్పమన్నారు. బతికించుకోవాల్సింది మాత్రం మనమే. మోకాళ్ల నొప్పులతో చెలకల దాకా నడవలేని మా అత్తమ్మ, ఈసారి తన చేత్తోనే పూలు కోసుకుంటుంది.