గ్యాస్ సంగతి తర్వాత

1902లో అమెరికాలోని బ్రూక్లిన్‌లో ఒక అచ్చాఫీసుకి వేసవి వస్తే తలనొప్పి. గాలిలో చెమ్మకి కాగితం సాగిపోయి, ఒక రంగు పడ్డచోట రెండో రంగు సరిగ్గా కూర్చునేది కాదు. ఆ చెమ్మని పిండెయ్యడానికి విల్లిస్ కారియర్ అనే పాతికేళ్ల ఇంజనీరు ఒక యంత్రానికి నమూనా గీశాడు. ఇవాళ్టి ఏసీలకి అదే మూలం. అటు గౌతమి, ఇటు వసిష్ఠ, దిగువన సముద్రం, నడుమంతా కాలువలూ వరిచేలూ కొబ్బరితోటలూ ఉన్న మా కోనసీమలో ఒక్క రోహిణి కార్తె గడిపినవాళ్లకి ఆ అచ్చాఫీసువాళ్ల బాధ బాగా తెలుస్తుంది. ఇక్కడ ఎండకి గొడుగుంది, తోట నీడుంది. ఉక్కకి ఏమీ లేదు.

అందుకే మా వైపు కారు ఏసీకి పని ఎక్కువ. లీటరు నీటిని సున్నా డిగ్రీల నుంచి వంద డిగ్రీల దాకా కాచడానికి ఎంత వేడి కావాలో, గాలిలో ఆవిరిగా ఉన్న లీటరు నీటిని తిరిగి నీరు చెయ్యడానికి అంతకి అయిదు రెట్లకి పైగా వేడిని లాగెయ్యాలి. కొత్త కారు ఈ బరువు మోసేస్తుంది. పదిహేనేళ్లు దాటిన కారులో ఏ మూల కాస్త నీరసం ఉన్నా మే నెలలో బయటపడుతుంది. అప్పుడు ఎవరిని అడిగినా ఒకటే మాట: గ్యాస్ కొట్టించండి.

ఈ మాట మీద నాకు చాలా కాలంగా అభ్యంతరం ఉంది. గ్యాస్ పెట్రోలులా ఖర్చయిపోయేది కాదు. కంప్రెసర్ దాన్ని ఒత్తి వేడెక్కిస్తుంది, ముందున్న కండెన్సర్‌లో అది వేడి వదిలి ద్రవమవుతుంది, సన్నటి వాల్వు దాటి డ్యాష్‌బోర్డు వెనక కూలింగ్ కాయిల్‌లో మళ్లీ ఆవిరవుతూ కారులోని వేడిని లాక్కుంటుంది. మళ్లీ కంప్రెసర్ దగ్గరికే వస్తుంది. ఏళ్ల తరబడి ఆ గ్యాసే తిరుగుతుంటుంది. బాగా తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టు. ఆ చోటు కనిపెట్టకుండా నింపితే పై వేసవికి మళ్లీ అదే ఖర్చు. తగ్గకుండానే నింపితే మరీ నష్టం, ఎందుకంటే ఎక్కువైన గ్యాస్ ఒత్తిడి పెంచి ఉన్న చల్లదనాన్ని కూడా పోగొడుతుంది.

మా కారు సంగతే చూడండి. అమలాపురం నుంచి రాజోలు దాకా హైవే మీద హాయిగా చల్లగాలి వచ్చేది. సఖినేటిపల్లి రేవులో నరసాపురం పంటు కోసం బండ్ల వరసలో ఆగేసరికి వేడిగాలి మొదలయ్యేది. ఒకచోట కారుని సరిగ్గా చూడకుండానే గ్యాస్ నింపుతామన్నారు. నేను ఒప్పుకోలేదు. రాజోలులో ఇంకో కుర్రాడున్నాడంటే వెళ్లాను. అతను బానెట్ ఎత్తకముందే అడిగాడు: “బండి కదుల్తుంటే చల్లగా వస్తందాండీ? ఆగితేనే వేడా?” అవునన్నాను. “ఆయ్, అయితే గ్యాస్ సంగతి తర్వాత చూద్దారండి” అన్నాడు. ఆ ఒక్క ప్రశ్నతో అతని మీద నాకు నమ్మకం కుదిరింది.

కారు పరిగెడుతున్నంతసేపూ ఎదురుగాలి కండెన్సర్‌ని చల్లబరుస్తుంది. ఆగినప్పుడు ఆ పని ఫ్యాను చెయ్యాలి. అతను గేజీలు తగిలించి ఇంజను ఆన్‌లో ఉంచాడు. ఎక్కువ ఒత్తిడి చూపే ముల్లు మూడు వందలు దాటి ఇంకా ఎక్కుతోంది. బకెట్టుతో నీళ్లు తెచ్చి కండెన్సర్ మీద పోశాడు. ముల్లు చూస్తుండగానే దిగింది, లోపల గాలి చల్లబడింది. అంటే గ్యాస్ ఉంది, వేడే బయటికి పోవడం లేదు. ఫ్యానుకి నేరుగా బ్యాటరీ నుంచి కరెంటు ఇస్తే గిర్రున తిరిగింది. మోటారు బాగున్నట్టే. ఇక వైరు పట్టుకుని వెనక్కి వెతుక్కుంటూ వెళ్తే ఎలుక కొరికిన చోటు దొరికింది. కొబ్బరితోటలో కారు పెట్టుకునేవాళ్లందరికీ ఈ ఎలుకల బెడద తెలుసు. కండెన్సర్ రేకుల సందుల్లో కొబ్బరి పొట్టు, వరి తాలు, పురుగులు అట్టకట్టి ఉన్నాయి. కోతల రోజుల్లో ధాన్యం ఆరబోసిన రోడ్ల మీదా, పీచు లారీల వెనకా తిరిగిన కారు మరి. నీళ్లు జోరుగా కొడితే రేకులు వంగిపోతాయని, సన్నటి ధారతో ఓపిగ్గా కడిగాడు.

ఇలాంటి ఆనవాళ్లు ఇంకా ఉన్నాయి. బటన్ నొక్కగానే కంప్రెసర్ దగ్గర టక్కుమని క్లచ్ పట్టిన చప్పుడు రావాలి. రాకపోతే ముందు ఫ్యూజు, రిలే చూడాలి. మొదట చల్లగా వచ్చి, పోనుపోను గాలే సన్నగిల్లి, కాసేపు ఆపితే మళ్లీ వస్తుంటే కాయిల్ మీద మంచు కడుతున్నట్టు. కారు కింద నీళ్లు కారుతుంటే కంగారు పడక్కర్లేదు, అది గాలిలోంచి పిండిన చెమ్మే. ఆ నీళ్లు కింద పడకుండా ముందు సీటు కాళ్ల దగ్గర చేరితేనే గొట్టం పూడిందని అర్థం.

నిజంగా గ్యాస్ కారే కార్లూ ఉంటాయి. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలి అల్యూమినియం గొట్టాల్ని తినేస్తుంది. గ్యాస్‌తో పాటు నూనె కూడా తిరుగుతుంది గనక, కారిన జాయింటు దగ్గర జిడ్డుగా దుమ్ము పడుతుంది. అనుమానం ఉన్నచోట సబ్బునురగ రాస్తే బుడగలొస్తాయి. బాగుచేశాక వ్యాక్యూమ్ పంపు పెట్టడాన్ని మా వైపు ఎవరూ తేలిగ్గా తీసుకోకూడదు. గొట్టాలు విప్పి ఒక రాత్రి అలా వదిలేస్తే కోనసీమ గాలి లోపలికి నీళ్లు మోస్తుంది. ఆ చెమ్మ వాల్వు దగ్గర మంచై అడ్డుపడుతుంది, నూనెతో కలిసి లోహాన్ని తింటుంది. పంపు ఒత్తిడి లాగేస్తే నీరు ముప్ఫై డిగ్రీలకే మరిగి ఆవిరై పోతుంది. కనీసం అరగంట ఆడించాలి, లోపలి చెమ్మ పీల్చే డ్రయ్యర్ మార్చాలి. ఆ తర్వాత గ్యాస్‌ని బానెట్ కింది స్టిక్కరు మీద రాసిన గ్రాముల లెక్కన తూచి ఎక్కించాలి. చిన్న కార్లకి అది అరకేజీకి అటూ ఇటూ.

పాత కార్లలో ఉండే ఆర్134ఏ గ్యాస్ గాలిలో కలిస్తే భూమిని వేడెక్కించడంలో అంతే బరువు బొగ్గుపులుసు వాయువుకి దాదాపు 1400 రెట్లు. ఇలాంటి వాయువులను తగ్గించాలని 2016లో కిగాలీలో ప్రపంచ దేశాలు ఒప్పందం చేసుకున్నాయి, 2021లో మన దేశమూ ఆమోదించింది. కాయిల్ విప్పాల్సి వచ్చినప్పుడు గ్యాస్‌ని బుస్సుమని వదిలెయ్యకుండా సిలిండర్లోకి పట్టే యంత్రం ఉన్న షాపు ఏదో వాకబు చేసి, కాస్త దూరమైనా అక్కడికే వెళ్లమని మా ఊళ్లో అడిగినవాళ్లందరికీ చెబుతున్నాను. రాజోలు కుర్రాడు ఆ రోజు మా కారు గ్యాస్ జోలికే పోలేదు. వైరు అతికి, దానికి గట్టి తొడుగు వేసి, ఆ పనికీ కడిగినందుకూ మాత్రమే డబ్బు తీసుకున్నాడు.