బ్లూ నోట్ మిత్రులు

నాకు జాజ్ సంగీతంలో ప్రవేశం లేదు. త్యాగరాజ కీర్తనలు వింటూ పెరిగిన చెవికి తొలినాళ్ళలో అది దారితప్పిన వాద్యాల కోలాహలంగానే తోచింది. ఒక మిత్రుని ఇంట బ్లూ నోట్ సంస్థవారి రికార్డు విన్న రాత్రి ఆ అభిప్రాయం సడలింది. నిజానికి నన్ను ముందుగా ఆకర్షించింది సంగీతం కాదు, అట్టమీది ఛాయాచిత్రం. చీకటిలోనుండి సగం వెలుగులోకి వచ్చిన ఒక వాద్యకారుని ముఖమది. దానిని తీసినవారెవరో తెలుసుకోబోయి, సంస్థ చరిత్రనంతా తెలుసుకున్నాను.

ఆల్ఫ్రెడ్ లయన్ బెర్లిన్‌లో పుట్టిన యూదుడు. న్యూయార్కులో స్థిరపడిన ఆయన 1938 డిసెంబరు 23న కార్నెగీ హాలులో నల్లజాతి కళాకారుల కచేరీ విని ముగ్ధులయ్యారు. పదునాలుగు రోజులకే, 1939 జనవరి 6న, అక్కడ విన్న ఇద్దరు పియానో విద్వాంసులను పిలిపించి రికార్డు చేయించారు. బ్లూ నోట్ ఆ విధంగా పుట్టింది. నాజీల పాలననుండి తప్పించుకొని ఆ ఏడాదే బాల్యమిత్రుడు ఫ్రాన్సిస్ వూల్ఫ్ వచ్చి చేరారు. ఆయన వృత్తిరీత్యా ఛాయాగ్రాహకులు. నేను చూసిన చిత్రం ఆయనదే.

సాధనకు వచ్చిన రోజులకు కూడ వాద్యకారులకు వేతనమివ్వడం ఆ మిత్రుల నియమం. పగలు కంటిపరీక్షలు చేసే రూడీ వాన్ గెల్డర్, న్యూజెర్సీలో తన తల్లిదండ్రుల ఇంటి ముందుగదిలోనే వారి రికార్డులెన్నింటినో ధ్వనిముద్రణ చేశారు.

1947లో వారు థెలోనియస్ మాంక్‌ను రికార్డు చేయసాగారు. ఆయన పియానో శైలి శ్రోతలకు వింతగా తోచింది, రికార్డులు అమ్ముడుపోలేదు. అయినను 1952 వరకు ఆయనను విడువలేదు. ఇక్కడ నా సంగతి చెప్పక తప్పదు. నేనూ ఒక స్నేహితునితో కలిసి చిన్న పత్రిక నడిపాను. అయిదవ సంచిక కట్టలు కట్టలుగా తిరిగిరాగానే ఆపివేశాం. తప్పు పాఠకులదేనని చాలాకాలం నమ్మాను. మాంక్ కథ చదివిన తరువాత ఆ నమ్మకం నిలువలేదు.

విచిత్రమేమంటే, వారికి విజయమూ బరువే అయింది. 1964లో లీ మోర్గాన్ ‘ది సైడ్‌వైండర్’ విశేషంగా అమ్ముడుపోగా, పంపిణీదారులు మరల మరల అటువంటిదే కావాలన్నారు. మరుసటి ఏడే సంస్థ లిబర్టీ రికార్డ్స్ పరమైంది. 1967లో లయన్ విరమించుకున్నారు. వూల్ఫ్ మాత్రం 1971లో మరణించేవరకు అక్కడే పనిచేశారు.

1985 ఫిబ్రవరిలో సంస్థ పునరుద్ధరణ సందర్భంగా న్యూయార్కు టౌన్ హాలులో జరిగిన కచేరీకి వృద్ధుడైన లయన్ హాజరయ్యారు. ఆ రాత్రి ఛాయాచిత్రాలు వేరెవరో తీశారు.