కుడిచేతికి సెలైన్ పెట్టకండి

నేను సైగల భాష ఇంటర్‌ప్రెటర్‌ని. మా అమ్మానాన్నలిద్దరికీ వినపడదు, అందుకే తెలుగు మాటలకన్నా ముందు నాకు సైగలే వచ్చాయి. పెళ్లి చూపులు, పోలీస్ స్టేషన్లు, కోర్టు వాయిదాలు, కాన్పులు, ఎక్కడ అవసరమైతే అక్కడ మధ్యన నిలబడి అటు మాట ఇటు, ఇటు మాట అటు చేరవేస్తాను. 2020 మార్చి 24 రాత్రి లాక్‌డౌన్ ప్రకటన రాగానే నా ఫోన్‌కి వినపడనివాళ్ల నుంచి వరసగా వీడియో కాల్స్ మొదలయ్యాయి. ఏం మూసేస్తున్నారు, ఎన్నాళ్లు, పాలు దొరుకుతాయా, హైదరాబాద్‌లో ఉన్న పిల్లాడు ఇంటికెలా వస్తాడు? దేశమంతా విన్న కబురు వాళ్లకి టీవీలో కదిలే పెదాలుగా మాత్రమే అందింది.

మాస్కులొచ్చాక ఆ పెదాలూ కనబడలేదు. సైగలంటే చేతులొక్కటే అనుకుంటారు చాలామంది. అవునా కాదా అని అడిగేటప్పుడు కనుబొమలు పైకి లేవాలి. నొప్పి కాస్త ఉందా, భరించలేనంత ఉందా అన్నది బుగ్గలూ నోరూ చెప్పాలి. ముఖం సగం మూసేస్తే మాటలో సగం పోతుంది. ఇక సాయం కావాలంటే ఇచ్చినవి ఎక్కువగా ఫోన్ నంబర్లే: 104, 108, 1075. 2011 జనాభా లెక్కల్లోనే దేశంలో వినికిడి లోపం ఉన్నవాళ్లు 50 లక్షల పైచిలుకు. వాళ్లు ఆ నంబర్లకి చేసి ఏం వింటారు, ఏం చెబుతారు? పక్కింటివాళ్లని బతిమాలుకోవాలి. కరోనా అని తెలిస్తే పక్కింటివాళ్లు తలుపు తీయని రోజులవి.

చట్టం లేక కాదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో 8వ సెక్షన్ సరిగ్గా ఇలాంటి విపత్తుల గురించే. జిల్లా విపత్తు నిర్వహణ సంస్థ తన జిల్లాలోని వికలాంగుల వివరాలు రాసిపెట్టుకోవాలని, ప్రమాదం ముంచుకొస్తే వాళ్లకి తెలియజేయాలని అందులో ఉంది. వైద్యంలో వాళ్లకి ప్రాధాన్యం ఇవ్వాలని 25వ సెక్షన్ చెబుతుంది. లాక్‌డౌన్ మొదలైన మర్నాడే, మార్చి 26న, కేంద్రంలోని వికలాంగుల విభాగం మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. కోవిడ్ సమాచారం సైగల్లో, బ్రెయిలీలో ఇవ్వమంది. వికలాంగుల సహాయకులని ఆపొద్దంది. ఆ కాగితాలు ప్రింట్ తీసి చెక్‌పోస్టుల్లో చూపించేదాన్ని. కొందరు ఎస్సైలు చదివి పంపించేవారు. కొందరు "పైనుంచి మాకేం రాలేదమ్మా" అనేవారు.

అన్నిటికంటే కష్టం కోవిడ్ వార్డులో వచ్చింది. 2021 మేలో, సెకండ్ వేవ్ ఉధృతంగా ఉన్నప్పుడు, తెనాలి వైపు నుంచి ఒక టైలర్ గారిని ఆసుపత్రిలో చేర్చారు. ఆయనకీ వినపడదు, ఆయన భార్యకీ వినపడదు. ఆమెని గేటు దగ్గరే ఆపేశారు. నేను వీడియో కాల్‌లో ఉన్నాను, సిస్టర్ ఫోన్‌ని సెలైన్ స్టాండ్‌కి టేపుతో అంటించింది. చూద్దును కదా, కుడిచేతికి క్యాన్యులా, ఎడమచేతి వేలికి ఆక్సీమీటర్, ముఖానికి ఆక్సిజన్ మాస్కు. ఆయన నోరంతా ఆ రెండు చేతుల్లోనే ఉంది.

"సిస్టర్, సెలైన్ ఎడమచేతికి మార్చండమ్మా, ఆయన మాట్లాడాలి" అన్నాను.

"నరం దొరికిందే కష్టంగా మేడమ్" అంది. కానీ డ్యూటీ దిగేలోపు మార్చింది. ఆక్సీమీటర్ కూడా చూసుకున్న ప్రతిసారీ తీసేసేది. ఊపిరాడటానికి బోర్లా పడుకోబెట్టేవారు కదా, అప్పుడు ఆయనకి ఫోన్ కనబడదు. ఏం జరుగుతోందో తెలియక గింజుకునేవారు. అందుకని తిప్పే ముందే చెప్పేలా, ఎంతసేపో వేళ్లు చూపేలా, మధ్యలో భుజం మీద రెండుసార్లు తడితే "నేనిక్కడే ఉన్నా" అని అర్థమయ్యేలా ఒప్పందం చేసుకున్నాం.

రెండోరోజు ఒక ఇంజెక్షన్‌కి సంతకం కావాలన్నారు. డాక్టర్ గారు వినికిడి ఉన్న తమ్ముడికి ఫోన్ కలపబోయారు. నేను అడ్డుపడ్డాను. ఆయన స్పృహలో ఉన్నారు, అర్థం చేసుకోగలరు, ఒంటికి ఏం ఎక్కించాలో ఒప్పుకోవాల్సింది ఆయనే. వికలాంగులకి అందరితో సమానంగా చట్టపరమైన నిర్ణయాధికారం ఉందని అదే 2016 చట్టంలోని 13వ సెక్షన్ చెబుతోందని కూడా అన్నాను. విసుక్కున్నా డాక్టర్ గారు ఆగారు. టైలర్ గారు అడిగిన మొదటి ప్రశ్న, తనకున్న షుగర్‌కి అది పడుతుందా అని. ఆ షుగర్ సంగతి తమ్ముడికి తెలియదు, కేస్‌షీట్‌లోనూ లేదు.

టీకాల దగ్గర బాధ వేరే. పేరు పెట్టి పిలిచేవారు, వినపడనివాళ్లు కుర్చీలోనే ఉండిపోయేవారు. నంబరు రాసిన చీటీ ఎత్తి చూపిస్తే పోయేదానికి మధ్యాహ్నం దాకా కూర్చున్నవాళ్లున్నారు. చూపులేనివాళ్లకి కోవిన్ పోర్టల్‌లో టీకా స్లాట్ బుక్ చేసుకోవడమే గగనమైంది. 2021 మే నెలాఖరున సుప్రీంకోర్టు కూడా ఆ సంగతి ఎత్తి చూపింది. ఏదైనా అందరికోసం మొదలుపెట్టే రోజునే వికలాంగులని పిలిచి అడగాలి. అమల్లోకి వచ్చాక సరిదిద్దేలోపు ప్రాణాలు పోతాయి.

ఇప్పుడు నర్సింగ్ విద్యార్థులకి క్లాసులు చెబుతున్నాను. నొప్పి, ఊపిరి, నీళ్లు, వాంతి, భయం, మీవాళ్లు బయట ఉన్నారు: ఈ సైగలు ముందు నేర్పుతాను. క్యాన్యులా పెట్టే ముందు ఏ చేయి వాటమో అడగమంటాను. మొన్న ఒకమ్మాయి లేచి, "రెండు చేతులకీ లైన్లు వేయాల్సి వస్తేనో మేడమ్?" అంది. బొమ్మల చార్టు పట్టుకుని ఒక్కో బొమ్మ మీద వేలు పెడుతూ పోవాలని, కళ్లు ఒకసారి మూస్తే అవును, రెండుసార్లు మూస్తే కాదు అని ముందే అనుకోవాలని చెప్పి, ఇద్దరిద్దర్ని కూర్చోబెట్టి అక్కడికక్కడే చేయించాను.