మైనస్ 28లో ఎర్రరంగు పరీక్ష

ఎడ్మంటన్ దాటి హైవే 63 ఎక్కితే దారికి రెండు పక్కలా స్ప్రూస్ చెట్లూ, మంచూ తప్ప ఏమీ కనిపించవు. కెనడాలోని ఫోర్ట్ మెక్‌ముర్రేకి ఎడ్మంటన్ నుంచి దాదాపు 430 కిలోమీటర్లు. జనవరి నెల. బయట మైనస్ 28 డిగ్రీలు. పికప్ నడుపుతున్నాయన విశాఖ నుంచి వచ్చి అల్బర్టాలో స్థిరపడ్డ వెల్డింగ్ ఇన్‌స్పెక్టర్. పరీక్షకు వాడే స్ప్రే డబ్బాల పెట్టెను మాత్రం బయట కాకుండా లోపల వెనక సీటు మీద పెట్టుకున్నారు.

ఎందుకని అడిగాను.

“బయట వదిలేస్తే చలికి డబ్బాలో ప్రెషర్ పడిపోతుందండీ. సన్నటి తుంపరగా రావాల్సింది ధారగా కారుతుంది” అన్నారు.

ఆయిల్ సాండ్స్ ప్లాంట్లలో స్టెయిన్‌లెస్ స్టీలు పైపులు చాలా ఉంటాయి. వాటిలో ఎక్కువ రకాలకు అయస్కాంతం పట్టదు కాబట్టి అయస్కాంత పరీక్ష కుదరదు; పైకి తెరుచుకున్న సన్నటి పగుళ్లు పట్టడానికి ఎక్కువగా డీపీ (డై పెనిట్రెంట్) టెస్టే దిక్కు. శుభ్రం చేసిన అతుకు మీద ఎర్రరంగు కొట్టి, ఆగి, తుడిచి, తెల్లటి డెవలపర్ చల్లుతారు. పగుల్లో దాగిన రంగు పైకి ఉబికి ఎర్రగీతలా కనబడుతుంది.

చలి ఈ వరసలో ప్రతి మెట్టునూ చెడగొడుతుంది. రంగు కొబ్బరినూనెలా గడ్డకట్టదు గానీ, చిక్కబడి పగుల్లోకి నెమ్మదిగా దిగుతుంది. క్లీనర్ త్వరగా ఆరదు. అన్నిటికన్నా మోసం తేమది: పగుల్లో నీరు మంచుగా మారితే రంగు దిగడానికి చోటే ఉండదు. గ్యాస్ మంటతో వేడి చేద్దామంటే, ఆ మంటలోంచే నీటి ఆవిరి పుట్టి చల్లని లోహం మీద చెమ్మగా పేరుకుంటుంది. పైగా స్ప్రేలు మండే సరుకు. అందుకే సైట్లో అతుకు చుట్టూ టార్పాలిన్ గుడారం కట్టి, బయట పెట్టిన హీటర్ నుంచి గొట్టంతో వేడిగాలి పంపుతారు. తర్వాత థర్మామీటరు గాలికి కాదు, లోహానికే ఆనించి చూస్తారు.

అమెరికా మెకానికల్ ఇంజినీర్ల సంఘం కోడ్, సెక్షన్ 5 ప్రకారం మామూలు పద్ధతికి లోహం 5 నుంచి 52 డిగ్రీల మధ్య ఉండాలి. 5 నుంచి 10 డిగ్రీల దాకా రంగును రెట్టింపు సేపు ఉంచాలి; వెల్డింగుకు 5 నిమిషాలన్నది 10 అవుతుంది.

5 కన్నా తగ్గితే ముందు పద్ధతినే పరీక్షించాలి. అల్యూమినియం బిళ్లను సుమారు 510 డిగ్రీలకు కాల్చి, చన్నీళ్లలో ముంచి పగుళ్లు తెప్పిస్తారు. ఒక సగంపై చలిలో, రెండో సగంపై మామూలు వేడిలో పరీక్ష చేస్తారు. రెండు సగాల్లోనూ గీతలు ఒకేలా తేలితేనే ఆ చలిలో పనికి అనుమతి.